చలికాలానికి రైతు ఇంటి సన్నాహం: దక్షిణ తెలంగాణలో తేమ యాజమాన్యం

దక్షిణ తెలంగాణలో చలికాలం మంచు కురిసే కాలం కాదు. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఉత్తరాది పొడిగాలులు వీచిన కొన్ని రాత్రులలో 12 డిగ్రీలకు, అంతకంటే దిగువకు కూడా పడిపోతుంది. మధ్యాహ్నానికి తిరిగి 28 నుంచి 30 డిగ్రీలకు చేరుతుంది. చలి ఇంత స్వల్పంగా ఉండటం వల్ల, చలికాలానికి ఇంటిని సిద్ధం చేసుకోవడం అనే అంశం మన విస్తరణ కార్యక్రమాలలో విడిగా కనిపించదు. పంటకు ఒక శాఖ, పశువుకు మరొక శాఖ సలహా ఇస్తాయి. గింజ, విత్తనం, గడ్డి, కట్టె, గొర్రెపిల్ల అన్నీ ఒకే ఆవరణలో, ఒకే నెలలో చేరే రైతు ఇంటికి మాత్రం ఒక్కచోట సలహా దొరకదు. ఈ లోటును దృష్టిలో ఉంచుకొని నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు పరిసరాల పరిస్థితులకు అన్వయిస్తూ ఈ వ్యాసాన్ని రూపొందించడమైనది.

ఈ ప్రాంతంలో చలికాలపు సన్నాహం ప్రధానంగా తేమ యాజమాన్యమే అన్నది ఇక్కడ ప్రతిపాదిస్తున్న విషయం. గింజకు బూజు పట్టడం, విత్తనం మొలక శక్తి కోల్పోవడం, గడ్డివాము కుళ్ళడం, గొర్రెపిల్లలు రాత్రికి రాత్రి చనిపోవడం వేర్వేరు సమస్యలుగా కనిపించినా, వీటన్నింటిలోనూ తేమ పాత్ర ఉంది. ఆ సంబంధం అర్థమైతే, తక్కువ ఖర్చుతో, ఇంట్లో ఉన్న మనుషులతోనే అధిక భాగం నష్టాన్ని నివారించవచ్చు.

ప్రాంత నేపథ్యం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన కోడేరు, 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. చల్కా నేలలు, అక్కడక్కడ నల్లరేగళ్ళు, వర్షాధార జొన్న, ఆముదం, కంది, వేరుశనగ, గొర్రెల పెంపకం ఈ ప్రాంతపు పాత వ్యవసాయ స్వరూపం. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలను కొల్లాపూర్ సమీపంలోని ఎల్లూరు వద్ద ఎత్తిపోసే మహాత్మా గాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చిన తరువాత చుట్టుపక్కల ఆయకట్టులో వరి విస్తరించింది. పత్తి, మొక్కజొన్న కూడా పెరిగాయి.

ఈ మార్పు రైతు ఇంటి ఆవరణను కూడా మార్చింది. జొన్న, ఆముదం, కంది పొడి వాతావరణంలో చేనులోనే చాలావరకు ఆరి ఇంటికి చేరే పంటలు. యంత్రంతో కోసిన వరి గింజ 20 శాతానికి పైగా తేమతో కల్లానికి వస్తుంది. ఎండు చొప్ప స్థానంలో పచ్చి వాసన పోని వరిగడ్డి వచ్చింది. పాతరలు, గుమ్ములు, మట్టి మిద్దెలు పొడి గింజల కోసం ఏర్పడిన వ్యవస్థలు. నేటి తడి గింజకు, తడి గడ్డికి అవి సరిపోవు.

మరొక సంగతి మనుషులకు సంబంధించినది. పాలమూరు వలసలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. పండుగలు ముగిసి వానాకాలపు పనులు తగ్గగానే పడుచువాళ్ళు పట్టణాలకు పోయే ఇళ్ళలో, చలికాలపు బాధ్యత ముసలి తల్లిదండ్రుల మీద, స్త్రీల మీద పడుతుంది. కాబట్టి ఏ సలహా అయినా ఇద్దరు పెద్దవాళ్ళు చేయగలిగినదిగా ఉండాలి.

పొడి కాలంలో తడి ఎక్కడిది?

నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యనాటికి తెలంగాణ నుంచి వైదొలగుతాయి. ఆ తరువాత కురిసే వాన స్వల్పం. బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు, తుపానుల వల్ల మాత్రం డిసెంబరు వరకు ఒకటి రెండు సార్లు అకాల వర్షం పడవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉండటం వల్ల భూమి, పైకప్పులు, గడ్డివాములు, టార్పాలిన్లు రాత్రివేళ తమ ఉష్ణాన్ని త్వరగా ఆకాశంలోకి వికిరణం చేసి చల్లబడతాయి.

ఒక లెక్క చూద్దాం. మధ్యాహ్నం 28 డిగ్రీల వద్ద 45 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిని పొడిగాలి అనే అంటాము. అదే గాలి, కొత్తగా ఏ తేమా చేరకుండానే, తెల్లవారుజామున 15 డిగ్రీలకు చల్లబడితే సంతృప్త స్థితికి చేరుతుంది. ఇంకొక డిగ్రీ తగ్గినా మంచుబిందువులు ఏర్పడతాయి. పగలు ఆరిన వస్తువు రాత్రి తిరిగి తడుస్తుంది. పగటికీ రాత్రికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం ఎంత ఎక్కువైతే ఈ ప్రమాదం అంత ఎక్కువ. చలికాలపు పొడి వాతావరణం ఆరబెట్టడానికి చక్కని అవకాశం ఇస్తుంది, సాయంత్రం కప్పడం మరచిపోతే ఆ ఫలితాన్ని తానే తుడిచివేస్తుంది.

గింజ: అమ్మే తేమ, దాచే తేమ

ధాన్యం కొనుగోలు కేంద్రాలలో అనుమతించే గరిష్ఠ తేమ 17 శాతం. ఈ అంకె రైతులందరికీ తెలుసు. ఇంట్లో దాచే వడ్లకు మాత్రం 12 నుంచి 13 శాతం మించరాదు. మొక్కజొన్నకు 12, పప్పుధాన్యాలకు 9 నుంచి 10 శాతం సురక్షితం. 17 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లను 13 శాతానికి ఆరబెడితే బరువు సుమారు 95.4 కిలోలకు తగ్గుతుంది. అమ్మేవాడికి ఈ నాలుగున్నర కిలోలు నష్టం కాబట్టి 17 దగ్గర ఆగడం సహజం. అదే కుప్ప నుంచి తిండికి, విత్తనానికి పక్కకు తీసిన బస్తాలను కూడా అదే తేమతో గదిలో వేయడంతోనే సమస్య మొదలవుతుంది. ఇంటి వాటాను వేరుగా మరో రెండు మూడు రోజులు ఎండబెట్టాలన్న ఒక్క మాట రైతుకు చేరినా ప్రయోజనం గణనీయం.

ఆరబెట్టడంలో మూడు నియమాలు పాటించాలి. మొదటిది, ధాన్యాన్ని పలుచగా పరచి గంట గంటకు తిరగవేయాలి. రెండవది, సాయంత్రం ఎండ తగ్గకముందే కుప్పచేయాలి. గింజ వేడిగా ఉండగానే టార్పాలిన్ కప్పితే, లోపలి ఆవిరి చల్లబడిన కప్పు అడుగున నీటి బొట్లుగా మారి పై పొరను తడుపుతుంది. వేడి తగ్గిన తరువాత, మంచు మొదలయ్యేలోగా కప్పాలి. మూడవది, ఉదయం మంచు పూర్తిగా ఆరే వరకు కప్పు తీయరాదు. బస్తాలను నేలమీద, గోడకు ఆనించి వేయరాదు. చెక్కపలకల మీద, గోడకు కనీసం అడుగు దూరంలో పేర్చాలి.

తేమమాపకం లేని ఇంట్లో ఉప్పు పరీక్ష ఉపయోగపడుతుంది. బాగా ఆరిన గాజు సీసాలో మూడోవంతు వరకు గింజలు, వాటిపై రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూతపెట్టి రెండు మూడు నిమిషాలు కుదిపి, కొంతసేపు నిలకడగా ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం కంటే ఎక్కువగా ఉన్నట్లు. అంటుకోకపోతే 15 కంటే తక్కువ అని మాత్రమే అర్థం, 12కు చేరిందని కాదు. ఈ పరిమితిని రైతుకు స్పష్టంగా చెప్పాలి.

విత్తనం: చలి చేసే మేలు

విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం ప్రసిద్ధమైనది. విత్తనంలో తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడు, ప్రతి ఒక శాతం తేమ తగ్గితే నిల్వ ఆయుర్దాయం సుమారు రెట్టింపవుతుంది. నిల్వ ఉష్ణోగ్రత ప్రతి 5 డిగ్రీలు తగ్గినా అంతే. ఇది స్థూలమైన సూత్రమే అయినా దాని సందేశం స్పష్టం. చలికాలం ఉష్ణోగ్రతను తానే తగ్గిస్తుంది, తేమను తగ్గించడం ఒక్కటే రైతు చేయవలసిన పని. నవంబరులో 13 శాతం నుంచి 11 శాతానికి తెచ్చిన వరి విత్తనం మే నెల వేడిని తట్టుకునే శక్తితో నిల్వలోకి వెళుతుంది.

కంది, పెసర విత్తనాలకు 9 శాతం తేమ ప్రమాణం. ఎర్రమట్టి పూత, బూడిద, వేపాకు వంటి పాత పద్ధతులు పుచ్చు పురుగును కొంతవరకు అడ్డుకుంటాయి. గాలి చొరని పొరల సంచులు మరింత సమర్థమైనవి, ఎందుకంటే లోపలి ప్రాణవాయువు తగ్గి పురుగు వృద్ధి ఆగిపోతుంది. అయితే ఆరని గింజను ఇటువంటి సంచిలో బిగిస్తే తేమ బయటికి పోయే దారి ఉండదు. ముందు ఆరబెట్టి, ఆ తరువాతే మూయాలి.

వేరుశనగ విషయం ప్రత్యేకం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతం యాసంగి వేరుశనగకు రాష్ట్రంలో ప్రధాన కేంద్రం. విత్తనాన్ని కాయ రూపంలోనే నిల్వచేసి, విత్తే ముందు కొద్ది రోజులలోనే ఒలవాలి. గోనెసంచి గుడ్డలో 100 గింజలతో మొలక పరీక్ష చేసి, కనీస ప్రమాణమైన 70 శాతం ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. నవంబరు మధ్య దాటి విత్తితే నేల చల్లబడి మొలక ఆలస్యమవుతుంది, కుళ్ళు తెగుళ్ళకు అవకాశం పెరుగుతుంది. మొలక పరీక్షకు వారం రోజులు పడుతుంది కాబట్టి అక్టోబరు మొదట్లోనే దానిని ముగించాలి. తక్కువ వచ్చిందని తెలిస్తే విత్తన మోతాదు పెంచడానికో, మార్చడానికో వ్యవధి ఉంటుంది.

ఇంటి వంటలో చేరే బూజు

వానాకాలంలో వేసిన వేరుశనగ అక్టోబరులో కోతకు వస్తుంది. అదే సమయంలో అకాల వర్షం పడితే కాయ తడిసి, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం పెరిగి అఫ్లాటాక్సిన్ విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, దాణాలో కలిసిన బూజు పట్టిన వేరుశనగ చెక్క ద్వారా ఈ విషం వెలుగులోకి వచ్చింది. నేరుగా తినే వేరుశనగలో ఐరోపా సమాఖ్య అనుమతించే మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు మాత్రమే.

విస్తరణ సిబ్బంది ఈ విషయాన్ని సాధారణంగా ఎగుమతి సమస్యగా చెబుతారు. ఇది అంతకు ముందే ఇంటి సమస్య. అమ్మకానికి గట్టి కాయలు ఏరి, ముడుచుకున్నవి, పగిలినవి, పురుగు తొలిచినవి ఇంటి పచ్చడికి, పశువుల దాణాకు ఉంచుకునే అలవాటు ఉన్నచోట, విషం అధికంగా ఉండే భాగమే ఇంట్లో మిగులుతుంది. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా నశించదు. బూజు పట్టిన చెక్క తిన్న బర్రె పాలలోనూ దాని రూపాంతరం కనిపిస్తుంది. కాయలను 8 శాతం తేమకు ఆరబెట్టడం, రంగు మారిన గింజలను ఏరి ఎవరూ తినకుండా పారవేయడం రెండూ తప్పనిసరి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనడం ఆరిందనడానికి ఇంట్లో అందరికీ తెలిసిన గుర్తు.

గడ్డి: ముందుగా లెక్క, తరువాత వాము

డిసెంబరు నుంచి మే వరకు 180 రోజులు పచ్చిమేత కొరతగా ఉండే కాలం. ఒక పెద్ద పశువుకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి చొప్పున 1,080 కిలోలు కావాలి. రెండు పశువులకు 2,160 కిలోలు. నిల్వలో 15 శాతం నష్టం ఉంటుందనుకుంటే సుమారు 25 క్వింటాళ్ళు సేకరించాలి. వరిలో గింజకు, గడ్డికి నిష్పత్తి దాదాపు సమానమే అయినా, కోత యంత్రం మొదళ్ళను పొలంలోనే వదులుతుంది కాబట్టి ఇంటికి చేరే గడ్డి అంతకంటే తక్కువ. ఈ లెక్క నవంబరులో వేసుకున్న కుటుంబం గడ్డిని తగలబెట్టదు, మార్చిలో కొనదు.

వాము వేసే చోటు ఎత్తుగా ఉండాలి. అడుగున రాళ్ళు, మొద్దులు పరచి గాలి ఆడేటట్లు చేయాలి. పై భాగాన్ని ఏటవాలుగా తీర్చి కప్పాలి. యంత్రంతో చుట్టిన గడ్డి కట్టలను తడిగా ఉండగానే గుట్టగా పేరిస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. రెండు రోజులు నిలువుగా ఎండలో ఉంచి, లోపలికి చేయి పెట్టి చూసి, చల్లగా పొడిగా అనిపించిన తరువాతే పేర్చాలి. బూజు పట్టిన వరిగడ్డి వల్ల చలికాలంలో బర్రెల తోక చివర, చెవులు, కాళ్ళ దిగువ భాగాలు చచ్చుబడి కుళ్ళే వ్యాధి భారత ఉపఖండపు వరి ప్రాంతాలలో నమోదైంది. పంజాబులోని డెగ్ నాలా అనే వాగు పరిసరాలలో మొదట గుర్తించినందున దానిని డెగ్‌నాలా వ్యాధి అంటారు. వరి కొత్తగా విస్తరించిన ప్రాంతాలలో పనిచేసేవారు ఈ లక్షణాలను గుర్తించగలగాలి. నల్లబడిన గడ్డిని మేపకుండా ఎరువు గుంతకు తరలించడమే నివారణ.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతం మాత్రమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే ఇది 7 నుంచి 8 శాతానికి పెరుగుతుంది. చలిలో రసాయన చర్య నెమ్మదిస్తుంది కాబట్టి గడువుకు ముందు తీయరాదు. మేపే ముందు గాలికి ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. కరగని యూరియా పశువును చంపగలదన్న హెచ్చరికను ప్రతిసారీ చెప్పాలి.

కొట్టం, మంద

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెల సంఖ్య సుమారు 1.90 కోట్లు, దేశంలో ప్రథమ స్థానం. వానాకాలపు తొలి మేతతో ఎదకు వచ్చిన గొర్రెలు నవంబరు, డిసెంబరు నెలలలో ఈనుతాయి. అప్పుడే పుట్టిన పిల్లకు చలి కంటే తడి ప్రమాదకరం. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. పిల్ల ఒంటిమీద 50 గ్రాముల ఉమ్మనీరు ఆరడానికి 29 కిలోకేలరీలు ఖర్చవుతాయి. రెండున్నర కిలోల పిల్లకు ఇది మోయలేని భారం. ఈనిన వెంటనే పొడి గోనెగుడ్డతో తుడవడం, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దడం, మొదటి రెండు గంటలలో జున్నుపాలు తాగించడం, మొదటి రోజు శరీర బరువులో పదోవంతుకు తగ్గకుండా పట్టడం ప్రాణం నిలిపే పనులు. చేనులో మంద పెట్టే రోజులలో కూడా ఈనే దశలోని గొర్రెలను మంచు పడని చోటికి మార్చాలి.

చలి అని కొట్టాన్ని పూర్తిగా మూయడం సరికాదు. మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, శ్వాసలోని ఆవిరి లోపలే నిలిచి న్యుమోనియాకు దారితీస్తాయి. గాలి వీచే ఉత్తర, ఈశాన్య దిశలలో పశువు ఎత్తు వరకే గోనెపట్టాలు దించి, పై భాగం తెరచి ఉంచాలి. ఎండ వచ్చాక పట్టాలు ఎత్తివేయాలి. పెద్ద గొర్రెకు ఒక చదరపు మీటరు, పిల్లతల్లికి ఒకటిన్నర చదరపు మీటర్ల స్థలం అవసరం. తడిసిన పక్కగడ్డిని రోజూ తీసి, నేలపై సున్నం చల్లాలి.

దక్షిణ భారతంలో గొర్రెల నీలినాలుక వ్యాధి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అధికం. దీనిని వ్యాపింపజేసే చిన్న దోమలాంటి కీటకాలు తడి పేడలో, బురదలో వృద్ధి చెందుతాయి. పేడకుప్పను కొట్టానికి దూరంగా మార్చడం, నీళ్ళతొట్టి చుట్టూ బురద లేకుండా మొరం పోయడం, రాత్రివేళ గొర్రెలను పశువులతో కలపకుండా కట్టడం టీకాకు తోడ్పడే చర్యలు. కుంటల అంచున మేసిన మందలకు కాలేయపు జలగల మందు, గాలికుంటు టీకా వంటివి పశువైద్యుని సలహాతో ఈ కాలంలోనే పూర్తిచేయాలి.

పత్తి, కట్టె, ఎలుకలు

పత్తికి మద్దతు ధర లెక్కలో తేమ 8 శాతం ప్రామాణికం, 12 శాతం గరిష్ఠం. మంచుతో తడిసిన పత్తిని ఉదయాన్నే తీయకుండా, ఎండ వచ్చాక తీస్తే ఆరబెట్టే శ్రమ తగ్గుతుంది. ఏరిన పత్తిని పడకగదిలో, పొయ్యి దగ్గర నిల్వచేయడం అగ్నిప్రమాదానికి ఆస్కారమిస్తుంది. పత్తి కట్టెను వంటచెరకుగా ఇంటి పక్కన గుట్టవేసే అలవాటు మరొక నష్టం తెస్తుంది. ఎండిన కాయలలో నిద్రావస్థలో ఉన్న గులాబీరంగు పురుగు అక్కడే వేసవి గడిపి, తొలకరికి తిరిగి చేనుకు చేరుతుంది. వంటకు కంది కట్టెను వాడుకొని, పత్తి కట్టెను పొలంలోనే ముక్కలు చేసి నేలలో కలపడం మంచిది.

వరి కోతలు ముగియగానే ఎలుకలు, పందికొక్కులు ఇళ్ళ వైపు వస్తాయి. గుమ్మిని నేలకు రెండున్నర అడుగుల ఎత్తున నిలిపి, కాళ్ళకు రేకు శంకువులు బిగించాలి. కట్టెల గుట్ట, గడ్డివాము గోడకు తాకకుండా ఉంటే పాముల బెడద కూడా తగ్గుతుంది. ఎలుకల నివారణను ఊరంతా ఒకే వారంలో చేపడితేనే ఫలితం నిలుస్తుంది.

కార్తెల వారీగా పనుల క్రమం

రైతులు కాలాన్ని కార్తెలతో లెక్కిస్తారు కాబట్టి సలహా కూడా ఆ క్రమంలోనే ఉండటం ఉచితం. హస్త చివర, చిత్త కార్తె మొదట్లో విత్తన మొలక పరీక్ష, మిద్దె పగుళ్ళు పూడ్చడం, కొట్టం నేల ఎత్తుచేయడం పూర్తికావాలి. స్వాతి కార్తెలో వేరుశనగ విత్తడం, పశువులకు మందులు, టీకాలు. విశాఖ కార్తెలో ఇంటి వాటా గింజను ఎండబెట్టడం, గడ్డి లెక్క వేయడం, పెరటిలో ఆకుకూరలు, టమాట, చిక్కుడు నాటడం. అనూరాధ కార్తెలో వాము వేయడం, గోనెపట్టాలు కట్టడం, ఈనే గొర్రెలను వేరుచేయడం. జ్యేష్ఠ, మూల కార్తెలలో యూరియా గడ్డి, ఎలుకల నివారణ, నిల్వల తనిఖీ.

విస్తరణకు సూచనలు

ఈ పనులలో ఏదీ కొత్త ఆవిష్కరణ కాదు. కొరత ఉన్నది వాటిని ఒక్కటిగా చూడటంలో. వ్యవసాయ విస్తరణాధికారి, పశువైద్య సహాయకుడు అక్టోబరులో ఒకే రోజు కలిసి ఇంటిని దర్శించి, గింజ, విత్తనం, గడ్డి, కొట్టం నాలుగింటిలోనూ తడి ఎక్కడ ఉందో చూపగలిగితే రైతుకు సులభంగా అర్థమవుతుంది. ఇంట్లో పని చేసేది ఎవరని ముందుగా అడగాలి. బరువు ఎత్తలేని వృద్ధులకు చిన్న బస్తాలు, తేలిక టార్పాలిన్లు సూచించాలి. ఆరబెట్టడం, ఏరడం స్త్రీల చేతిలో ఉంది కాబట్టి ఉప్పు పరీక్షను వారి ఎదుటే చేసి చూపాలి.

విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా నవంబరులోనూ, తిరిగి ఫిబ్రవరిలోనూ అవే ఇళ్ళలో గింజ తేమను, విత్తన మొలక శాతాన్ని, గడ్డివాములో బూజు పట్టిన లోతును కొలిచి నమోదుచేయవచ్చు. తేమమాపకం, కొలబద్ద, నోటుపుస్తకం చాలు. అటువంటి కొలతలు మూడు నాలుగేళ్ళు వరుసగా సమకూరితే, ఏ ఇంట్లో ఏ పని ముందు చేపట్టాలో అంచనాతో కాక ఆధారంతో చెప్పగలుగుతాము.